ఆఖరి నిమిషంలో ఫౌల్: ఎప్పుడు చేయాలి, ఎవరి మీద, ఆ తర్వాత ఏం చూసుకోవాలి

2008 ఏప్రిల్ 7. శాన్ ఆంటోనియోలోని అలమోడోమ్‌లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల క్రీడా సంఘం) పురుషుల బాస్కెట్‌బాల్ ఫైనల్. ఇంకా 2 నిమిషాల 12 సెకన్లు ఉన్నాయనగా మెంఫిస్ 60-51తో ముందుంది. తొమ్మిది పాయింట్ల తేడా. కాన్సస్ బంతి లాక్కోవడానికి చూసింది, వీలుకానప్పుడు ఫౌల్ చేసి గడియారం ఆపి, మెంఫిస్ వాళ్లను ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక పాయింటు షాట్) లైనుకు పంపింది. చివరి 75 సెకన్లలో మెంఫిస్ అయిదు ఫ్రీ త్రోలు వేసి నాలుగు పోగొట్టుకుంది. 10.8 సెకన్లు ఉండగా మెంఫిస్ ఆటగాడు డెరిక్ రోజ్ రెండింట్లో ఒకటి వేశాడు, 63-60. ఇంకా 2.1 సెకన్లు ఉండగా కాన్సస్ ఆటగాడు మారియో చాల్మర్స్ త్రీ పాయింటర్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో కాన్సస్ 75-68తో గెలిచింది.

ఆ మ్యాచ్ మీద ఇప్పటికీ నడిచే వాదన ఒక్కటే: మూడు పాయింట్లు ముందున్న మెంఫిస్, చాల్మర్స్ దాకా బంతి పోకుండా ఫౌల్ ఎందుకు చేయలేదు? నిజానికి మెంఫిస్ చేయాలనే అనుకుంది. కోచ్ జాన్ కాలిపరి తర్వాత ఆ మాటే చెప్పాడు. బంతి తెస్తున్న కాన్సస్ ఆటగాడు షెరాన్ కాలిన్స్‌ని రోజ్ తాకాడు, కాలిన్స్ తూలాడు కూడా. విజిల్ మాత్రం రాలేదు.

అంటే నిర్ణయం సరైనదే అయినా పని జరగలేదు. ఆఖరి నిమిషం ఫౌల్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ‘చేయాలా, వద్దా’ దగ్గరే ఆగిపోతారు. ఫౌల్ ఎవరి మీద, ఎలా చేస్తాం, ఫ్రీ త్రో తప్పితే రీబౌండ్ (తప్పి వెనక్కొచ్చే బంతి) ఎవరిది, ఆ తర్వాత బంతి ఎవరి చేతికి రావాలి, ఇదంతా కలిస్తేనే ఒక నిర్ణయం. జట్టుకు కోచింగ్ ఇచ్చేవాళ్లకీ, మార్చి నెలలో ఆఫీసులో బ్రాకెట్ (ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ఊహించే పట్టిక) నింపి టీవీ ముందు కూర్చునేవాళ్లకీ, భారత్‌లో మంగళవారం పొద్దున్నే లేచి ఫైనల్ చూసేవాళ్లకీ పనికొచ్చేలా ఆ వరసలోనే చెబుతాను.

అడుగు 1: స్కోరుతో పాటు బోర్డు మీద ఇంకేం చూడాలి

రెండు నిమిషాలు మిగిలాయనగానే కొన్ని అంకెలు నోటికి రావాలి. తేడా ఎంత, గడియారం ఎంత, షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఉన్న గడువు) ఎంత, రెండు జట్ల టీమ్ ఫౌల్స్ (జట్టంతా కలిపి చేసినవి) ఎన్ని, టైమౌట్లు ఎన్ని, నాలుగు పర్సనల్ ఫౌల్స్‌తో ఎవరు ఆడుతున్నారు. అయిదోదానికి ఆటగాడు బయటికి పోతాడు కాబట్టి ఫౌల్ చేసే పని అతనికి అప్పగించకూడదు.

వీటిలో టీమ్ ఫౌల్స్ లెక్కే అన్నిటికన్నా ముఖ్యం. మన స్కూళ్లలో, జిల్లా పోటీల్లో ఆడినవాళ్లకు అంతర్జాతీయ పద్ధతి అలవాటు: నాలుగు క్వార్టర్లు, క్వార్టర్‌లో అయిదో టీమ్ ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు. అమెరికా కాలేజీ పురుషుల ఆట అలా కాదు. ఇరవై నిమిషాల సగాలు రెండు. ఒక సగంలో ఏడో టీమ్ ఫౌల్ నుంచి తొమ్మిదో దాకా ‘వన్ అండ్ వన్’: మొదటిది పడితేనే రెండోది వేయనిస్తారు, మొదటిది తప్పితే బంతి ఆటలోకి వచ్చేస్తుంది. పదో ఫౌల్ నుంచి రెండూ ఖాయం.

ఇంకో నియమం: చివరి 59.9 సెకన్లలో బుట్ట పడగానే గడియారం ఆగుతుంది. వెనకబడిన జట్టు స్కోరు చేసి, గడియారం ఆపడానికని టైమౌట్ ఖర్చుపెట్టనక్కర్లేదు.

అడుగు 2: వన్ అండ్ వన్ విలువ లెక్కగట్టండి

70 శాతం వేసే ఆటగాడిని తీసుకోండి. రెండు ఖాయమైన త్రోలకు అతని సగటు 1.4 పాయింట్లు. వన్ అండ్ వన్‌లో అదే మనిషికి 0.7కి 0.49 కలిపితే 1.19. తేడా పెద్దగా కనబడదు. సున్నా వచ్చే అవకాశం చూడండి. రెండు త్రోల్లో రెండూ తప్పేది నూటికి 9 సార్లు. వన్ అండ్ వన్‌లో ఏమీ రాకుండా పోయేది 30 సార్లు. 60 శాతం ఆటగాడికైతే 16కి బదులు 40.

వెనకబడిన జట్టుకు కావలసింది సగటు కాదు, ఈ సున్నాలే. కాబట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది నంబర్ల ఫౌల్స్ ఆ జట్టుకు ఆస్తి. వాటిని పదిహేనో నిమిషంలో సైడ్‌లైన్ దగ్గర పనికిమాలిన తోపులాటలో పోగొట్టుకుంటే చివర్లో అవతలివాడికి రెండు త్రోలు మనమే రాసిచ్చినట్టు. 1983లో కోచ్ జిమ్ వాల్వానో నార్త్ కరోలినా స్టేట్‌ని ఛాంపియన్ చేసింది చాలావరకు ఈ ఆయుధంతోనే. అల్బుకెర్కీ ఫైనల్లో స్కోరు 52-52 ఉండగా హ్యూస్టన్ ఫ్రెష్‌మన్ (కాలేజీ మొదటి ఏడాది) గార్డు ఆల్విన్ ఫ్రాంక్లిన్‌ని ఫౌల్ చేయించాడు. స్కోరు సమంగా ఉన్నప్పుడు ఫౌల్! ఇప్పుడు ఎవరైనా చేస్తే సోషల్ మీడియా ఉతికేస్తుంది. అప్పటికింకా కాలేజీ ఆటలో షాట్ క్లాక్ దేశమంతటా రాలేదు, బంతి పట్టుకుని ఎంతసేపైనా నిలబడొచ్చు, అందుకే ఆ సాహసం. ఫ్రాంక్లిన్ మొదటిది తప్పాడు. చివరికి లొరెంజో చార్ల్స్ డంక్‌తో 54-52.

అడుగు 3: వెనకబడి ఉంటే ఎప్పుడు మొదలుపెట్టాలి

షాట్ క్లాక్ 30 సెకన్లు. తేడా ఒక్క బుట్టంతే, అంటే మూడు లేదా తక్కువ అనుకోండి. గడియారంలో షాట్ క్లాక్ కన్నా కనీసం ఏడెనిమిది సెకన్లు ఎక్కువ మిగిలుంటే ఫౌల్ చేయకండి, గట్టిగా డిఫెండ్ చేయండి. వాళ్లు షాట్ వేయక తప్పదు, తప్పితే బంతి మీది. రెండు గడియారాల మధ్య తేడా మూడు నాలుగు సెకన్లే అయితే రీబౌండ్ పట్టి అవతలి కొసకు పరిగెత్తే సమయం ఉండదు. గడియారం 30 కన్నా తక్కువైతే ఇంక ఆలోచన లేదు, ఫౌలే.

తేడా నాలుగు నుంచి ఆరైతే నిమిషం దగ్గర మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఏడు నుంచి తొమ్మిదైతే రెండు నిమిషాల లోపే. అంతకన్నా ముందే మొదలుపెట్టే కోచ్‌లు ఆటను గంటసేపు సాగదీస్తారు తప్ప సాధించేది తక్కువ. ఫౌల్ అంటే గడియారాన్ని కొనడం, ధర పాయింట్ల రూపంలో కట్టాలి. మీరు తిరిగి త్రీ పాయింటర్లు వేయగలిగితేనే ఆ బేరం గిట్టుతుంది.

ఫౌల్‌కి ముందు ట్రాప్, అంటే బంతి ఉన్నవాణ్ణి ఇద్దరు చుట్టుముట్టడం. బంతి లోపలికి వేయడానికి వాళ్లకు 5 సెకన్లే ఉంటాయి, వేశాక సగం గీత దాటడానికి 10. ముందు దొంగిలించడానికి చూడాలి, కుదరకపోతే ఫౌల్. కాన్సస్ 2008లో చేసింది అదే. ఫౌల్స్‌తో పాటు, ఇన్‌బౌండ్ పాస్ (గీత బయట నుంచి లోపలికి వేసేది) ఒకటి కాలిన్స్ లాక్కున్నాడు, ఆ వెంటనే త్రీ పాయింటర్ కొట్టాడు. తొమ్మిది పాయింట్ల తేడా ఒట్టి ఫ్రీ త్రోల తప్పులతోనే కరగదు. 2016లో నార్తర్న్ అయోవా మీద టెక్సస్ ఏ అండ్ ఎం 44 సెకన్లు ఉండగా 12 పాయింట్లు వెనకబడి కూడా సమం చేసిందంటే, అది ఇన్‌బౌండ్ దగ్గర ఒత్తిడి పెట్టి బంతులు లాక్కోవడం వల్లనే. రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 92-88తో గెలిచింది.

ఒక చిక్కు: చివరి నిమిషానికి మీ టీమ్ ఫౌల్స్ నాలుగే ఉంటే? ఫ్రీ త్రో రావాలంటే ఇంకా మూడు ఫౌల్స్ చేయాలి. ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు పోతాయి. అందుకే మూడు నిమిషాలప్పుడే చూసుకుని, వెనకబడే సూచనలుంటే దూకుడు పెంచి ఆ లెక్క ఆరుకి చేర్చాలి.

అడుగు 4: ఎవరి మీద, ఎలా

స్కౌటింగ్ కాగితంలో అవతలి అయిదుగురి ఫ్రీ త్రో శాతాలు ఉంటాయి. ఆ అంకెలు కోచ్ దగ్గరుంటే సరిపోదు, గార్డులకు నోటికి రావాలి. అయితే బంతి లేని బలహీనుడిని వెతికి పట్టుకుంటే రిఫరీ ఊరుకోడు. బంతి కోసం ప్రయత్నమే లేని ఫౌల్‌ను ‘ఫ్లాగ్రెంట్ 1’గా పిలవొచ్చు. అప్పుడు రెండు త్రోలు, పైగా బంతి కూడా వాళ్లకే. వెనక నుంచి జెర్సీ లాగడం, రెండు చేతులతో కౌగిలించుకోవడం, వీపు మీద తోయడం, ఇవన్నీ ఆ ప్రమాదం ఉన్నవే.

కాబట్టి దారి వేరు: మంచి షూటర్లకు బంతి అందకుండా అడ్డుపడి, పాస్ బలహీనుడికి పోయేలా చేయాలి. అతను పట్టుకున్న క్షణంలో బంతి మీదికే చేయి వేయాలి. చేయి బంతి వైపు, దేహం కాస్త తగిలేలా, రిఫరీ చూపు ముందు. రోజ్ ఆ రాత్రి చేసినట్టు సున్నితంగా తాకితే విజిల్ రాకపోవచ్చు. ముందున్న జట్టు ఫౌల్ చేస్తుందని రిఫరీలు అంతగా ఎదురుచూడరు. వెనకబడిన జట్టు చిన్నగా తాకినా వెంటనే ఊదేస్తారు. టైమౌట్లో ‘మేం ఫౌల్ చేయబోతున్నాం, గమనించండి’ అని రిఫరీకి చెప్పే కోచ్‌లు ఉన్నారు, అందులో తప్పేమీ లేదు.

అడుగు 5: మూడు ముందున్నాం, బంతి వాళ్ల చేతిలో

అసలు రచ్చంతా ఇక్కడే. ముందు ఒక ఊహా లెక్క. ఫౌల్ చేయకపోతే వాళ్లు హడావుడిగా త్రీ వేస్తారు. నూటికి 30 పడతాయనుకుందాం. పడితే ఓవర్‌టైమ్, అందులో సగం ఓడతాం. మొత్తం ప్రమాదం 15 శాతం. ఫౌల్ చేస్తే వాళ్లు మొదటిది వేయాలి (70), రెండోది కావాలని తప్పాలి, ఆ రీబౌండ్ వాళ్లకే దొరకాలి (15 అనుకోండి), అది మళ్లీ బుట్టలో పడాలి (45). గుణిస్తే అయిదు శాతం కూడా లేదు, అదీ ఓవర్‌టైమ్ వరకే.

కాగితం మీద ఫౌలే గెలిచింది. కానీ 2010లో హార్వర్డ్ విద్యార్థుల క్రీడా విశ్లేషణ బృందం ఆ సీజన్ మ్యాచ్‌లు తిరగేస్తే, ఫౌల్ చేసిన జట్లకూ చేయని జట్లకూ గెలుపులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాగితం లెక్కలో లేనివి కోర్టు మీద ఉంటాయి మరి. ఫౌల్ చేసే క్షణానికి షూటర్ చేతులు పైకి లేస్తే మూడు త్రోలు. సమయం ఎక్కువుంటే వాళ్లు రెండూ వేసి మనల్ని తిరిగి ఫౌల్ చేస్తారు. అప్పుడు తేడా ఒకటే. మన 70 శాతం ఆటగాడు రెండూ వేసేది నూటికి 49 సార్లే. అంటే సగానికి పైగా సందర్భాల్లో మనం మొదట ఉన్న మూడు కన్నా తక్కువ ఆధిక్యంలో మిగులుతాం.

అందుకే గడియారమే తీర్పరి. 7 సెకన్లు లేదా తక్కువ ఉండి, బంతి పట్టుకున్నవాడు బుట్టకు వీపు పెట్టో, డ్రిబుల్ చేస్తూనో ఉంటే ఫౌల్ చేయండి. 12 దాటితే వద్దు. మధ్యలో ఉంటే మీ దగ్గర 80 శాతం వేసేవాళ్లు ఇద్దరున్నారా, వాళ్లకు టైమౌట్లున్నాయా అన్నదాన్ని బట్టి. త్రీ గీత బయట కాళ్లు సర్దుకుని బుట్ట వైపు తిరిగినవాణ్ణి మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి.

ఈ వాదనకి ఒకే జవాబు లేదనడానికి 2019 వర్జీనియా కన్నా మంచి సాక్ష్యం దొరకదు. వరసగా మూడు మ్యాచ్‌లు. లూయివిల్‌లో ఎలైట్ ఎయిట్ (చివరి ఎనిమిది జట్ల రౌండు): పర్డ్యూ మూడు ముందుండి, 5.9 సెకన్లు ఉండగా ఫౌల్ చేసింది, ఓడింది. మినియాపొలిస్ సెమీఫైనల్: ఆబర్న్ రెండు ముందుండి, 0.6 సెకన్లు ఉండగా త్రీ వేస్తున్న కైల్ గైని అనుకోకుండా ఫౌల్ చేసింది, ఓడింది. ఫైనల్: టెక్సస్ టెక్ మూడు ముందుండి ఫౌల్ చేయలేదు, 12.9 సెకన్లు ఉండగా డియాండ్రే హంటర్ త్రీ కొట్టాడు, ఓవర్‌టైమ్‌లో 85-77తో ఓడింది. ఫౌల్ చేసినవాళ్లూ చేయనివాళ్లూ అందరూ వర్జీనియాకే కప్పు కట్టబెట్టారు! పర్డ్యూ నిర్ణయం నా లెక్కలో నూటికి నూరు పాళ్లు సరైనది. టెక్సస్ టెక్‌దీ తప్పు కాదు, ఫౌల్ చేయడానికి గడియారంలో మరీ ఎక్కువ సమయం మిగిలి ఉంది. ఆబర్న్‌ది మాత్రం నిర్ణయం కాదు, తొందరపాటు.

అడుగు 6: రెండో ఫ్రీ త్రో తప్పితే

పర్డ్యూ ఎందుకు ఓడింది? వర్జీనియా ఆటగాడు టై జెరోమ్ మొదటిది వేశాడు, 70-68. రెండోది తప్పాడు. మమాది డియాకిటే చేయి చాచి బంతిని వెనక్కి తట్టాడు. అది సగం గీత దాటి వర్జీనియా వైపే దొర్లింది. కీహెయ్ క్లార్క్ పరిగెత్తి పట్టి, ఆగకుండా పొడుగు పాస్ విసిరాడు. డియాకిటే అందుకుని బజర్‌తో పాటు వేశాడు. 70-70. ఓవర్‌టైమ్‌లో 80-75.

ఫౌల్ చేయమని చెప్పే కోచ్ అదే టైమౌట్లో ఈ మాటలు కూడా చెప్పాలి. బుట్టకు దగ్గరి రెండు స్థానాలు మనవే, అక్కడ ఎత్తు, బలం ఉన్నవాళ్లు. ఒకరు త్రో వేసినవాణ్ణి అడ్డుకోవాలి, అతను బంతి రింగుకు తగిలేదాకా గీత దాటలేడు కాబట్టి అది తేలిక. ఇంకొకరు వెనక, త్రీ గీత బయట, వెనక్కి తట్టిన బంతి కోసమే ఉండాలి. చాలా జట్లు ఈ మనిషిని మర్చిపోతాయి. చేతికి రాని బంతిని పట్టాలని పాకులాడకుండా పక్కకి తట్టేయడం కూడా నేర్పాలి, గడియారం మనకోసమే పరిగెడుతోంది.

వెనకబడినవాళ్ల వైపు నుంచి: కావాలని తప్పేటప్పుడు బంతి రింగుకు తగలాలి, లేకపోతే వయొలేషన్ (నియమ ఉల్లంఘన), బంతి అవతలివాళ్లది. 0.3 సెకన్లు లేదా అంతకన్నా తక్కువ మిగిలితే పట్టి వేయడం చెల్లదు, తట్టడమే.

మన త్రో తప్పినప్పుడు రీబౌండ్ కోసం మీద పడటం ఇంకా ఘోరం. 2025 ఏప్రిల్ 5న, అదే అలమోడోమ్‌లో, డ్యూక్ 67-66తో ముందుండగా టైరీస్ ప్రాక్టర్ వన్ అండ్ వన్ మొదటిది తప్పాడు. రీబౌండ్ కోసం ఎగిరిన డ్యూక్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్, అవతలివాడి మీద వెనక నుంచి పడ్డాడని ఫౌల్ పిలిచారు. 19.6 సెకన్లు ఉండగా హ్యూస్టన్ ఆటగాడు జేవాన్ రాబర్ట్స్ రెండూ వేశాడు. 70-67తో డ్యూక్ ఇంటికెళ్లింది. ఒక పాయింటు ముందుండి మనమే త్రో వేస్తున్నప్పుడు వెనక్కి పరిగెత్తి డిఫెన్స్‌లో నిలబడటమే మేలు.

అడుగు 7: చేతిలో మిగిలిన ఫౌల్స్

మీ టీమ్ ఫౌల్స్ ఆరు కన్నా తక్కువైతే ఫ్రీ త్రో ఇవ్వకుండానే ఫౌల్ చేయొచ్చు. ముందున్న జట్టుకు ఇది వరం: వాళ్లు వేసుకున్న ప్లే మొదలై రెండు సెకన్లు పోయాక ఫౌల్ చేస్తే, వాళ్లు మళ్లీ సైడ్‌లైన్ నుంచి మొదలెట్టాలి. ఆబర్న్ ఆ సెమీఫైనల్లో ఈ పని చక్కగా చేసింది, 1.5 సెకన్లకి తెచ్చింది. ఆ తర్వాత ప్లేలోనే గై మీద పడ్డారు. మిగిలిన ఫౌల్ వాడేసుకున్నాక ‘ఇప్పటి నుంచి చేతులు పైకే’ అని బెంచ్ నుంచి ఎవరో అరవాలి. మోడు మారిందని ఆటగాళ్లకు తెలియకపోతే ముందటి అలవాటే కొనసాగుతుంది.

అడుగు 8: సమంగా ఉన్నా, ఒకటి రెండు ముందున్నా

ఫౌల్ వద్దు. కారణం చెప్పనక్కర్లేదు, 2023 ఎలైట్ ఎయిట్ చూడండి. క్రైటన్, శాన్ డియెగో స్టేట్ 56-56. 1.2 సెకన్లు ఉండగా క్రైటన్ ఆటగాడు ఫౌల్ చేశాడని విజిల్ ఊదారు. శాన్ డియెగో స్టేట్ ఆటగాడు డేరియన్ ట్రామెల్ మొదటిది తప్పాడు, రెండోది వేశాడు, 57-56. ఆ విజిల్ న్యాయమా అని ఇప్పటికీ కొట్టుకుంటారు. రిఫరీకి ఆ అవకాశమే ఇవ్వకుండా షూటర్ ముందు నిటారుగా నిలబడాలి.

మహిళల టోర్నమెంట్ చూస్తుంటే

పై లెక్కల్లో కొన్ని చెల్లవు. అక్కడ 2015-16 నుంచి పది నిమిషాల క్వార్టర్లు, క్వార్టర్‌లో అయిదో ఫౌల్ నుంచి రెండు త్రోలు, వన్ అండ్ వన్ లేదు. సున్నా మీద ఆశ తక్కువ, కాబట్టి వెనకబడిన జట్టు ఫౌల్స్ కొంచెం ఆలస్యంగా మొదలెట్టి, ట్రాప్ మీద ఎక్కువ ఆధారపడాలి. క్వార్టర్ మారగానే ఫౌల్స్ లెక్క సున్నాకి వస్తుంది కాబట్టి నాలుగో క్వార్టర్ చివర్లో చాలా జట్లకు ఒకటో రెండో ఫౌల్స్ మిగిలే ఉంటాయి.

ఇంకో పెద్ద తేడా: చివరి 59.9 సెకన్లలో టైమౌట్ తీసుకుంటే బంతిని నేరుగా ముందు సగంలోకి తెచ్చుకోవచ్చు. పురుషుల ఆటలో 3 సెకన్లు ఉండగా కోర్టు మొత్తం దాటాలి, వీళ్లు బుట్ట దగ్గర నుంచే మొదలెడతారు. అందుకని మూడు ముందున్నప్పుడు ఫౌల్ చేస్తే, త్రోలు పడ్డాక మనం మనవి తప్పితే, టైమౌట్ ఉన్న అవతలి జట్టుకు రెండు సెకన్లు కూడా చాలు. వాళ్ల టైమౌట్లు అయిపోయాయో లేదో చూసుకుని గానీ ఆ ఫౌల్ జోలికి పోకూడదు.